వెనకవాడి గొంతే ముందువాడికి పగ్గం

టెక్కలి: తెల్లవారుజామున నాలుగున్నర గంటలు. వంశధార ఎడమ కాలువ గట్టు మీద తూము దగ్గర సైకిళ్ళు, చెప్పులు, మంచినీళ్ళ సీసాలు పోగుపడి ఉన్నాయి. చీకట్లో ముప్ఫై మందికి పైగా కుర్రవాళ్ళు, పదిమంది వరకు ఆడపిల్లలు కాళ్ళూ చేతులూ విదిలించుకుంటున్నారు. వారం మొత్తంలో ఎవరి పరుగు వారిది. కొందరు బడి మైదానంలో, కొందరు రోడ్డు మీద, కొందరు పంట కోసిన చేలలో పరిగెడతారు. ఆదివారం మాత్రం చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ వాళ్ళు ఈ తూము దగ్గర కలుస్తారు. ఆ రోజు చేసేది దూరపు పరుగు. ఆరు కిలోమీటర్లు వెళ్ళి, ఆరు కిలోమీటర్లు తిరిగి రావాలి.

పందెం పరుగు చూద్దామని వచ్చిన వాళ్ళకు ఇక్కడ నిరాశే ఎదురవుతుంది. గట్టు మీద గేదెలు తోలుకెళ్ళే రైతులు మొదట్లో నవ్వేవారు. ఇంత మెల్లగా పరిగెడితే పోలీసు ఉద్యోగం ఎవరిస్తారని అడిగేవారు. ఆ మాట కుర్రవాళ్ళకు ములుకులా తగిలేది. పౌరుషం కొద్దీ వేగం పెంచేవారు. వెంటనే వెనక నుంచి ఒక కేక వినిపించేది: "ఏటిరా, ఎవుల్తో పందెం కాసినావు? తగ్గు!"

కేక వేసే ఆయన సైన్యంలో హవల్దారుగా చేసి ఊరికి తిరిగి వచ్చిన రైతు. పల్టన్లో కొత్తవాళ్ళు శిక్షకుడిని ఉస్తాద్ అని పిలుస్తారు. ఇక్కడి పిల్లలకూ అదే పిలుపు అలవాటైంది. ఊళ్ళో పెద్దలకు మాత్రం ఆయన మిలట్రీ బాబే. ఫీజు లేదు, బోర్డు లేదు. సైన్యంలో తాను నేర్చుకున్నది, తరువాత చేతులు కాల్చుకుని తెలుసుకున్నది కలిపి చెబుతున్నారు.

నిమిషాల మీద బతుకులు

ఈ పిల్లల పరుగు వ్యాయామం కోసం కాదు. అందరి తలల్లోనూ ఒక్కొక్క అంకె తిరుగుతూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ శారీరక పరీక్షలో మగవాళ్ళు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవాళ్ళు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. సైన్యంలో అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తేనే ఆ పరుగుకు ఉన్న 60 మార్కులూ వస్తాయి. కేంద్ర బలగాలైన సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్. వంటి వాటిలో కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్ళు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి. ఆడవాళ్ళకు 1.6 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర నిమిషాలు.

అంకె చిన్నది. దాని వెనక ఉన్నది పెద్దది. ఎకరం, అరెకరం భూమి గల ఇళ్ళు, పలాసలో జీడిపిక్కలు ఒలిచే తల్లులు, వలస పోయిన తండ్రులు. ఒక ఇంట్లో ఒక్కరికి ఖాకీ బట్టలు వస్తే చెల్లెలి పెళ్ళి, ఇంటి స్లాబు, పాత అప్పు అన్నీ ఒక దారికి వస్తాయి. అందుకే ఇక్కడ కుర్రవాడు పది సెకన్లు వెనకబడ్డాడంటే ఇంటిల్లిపాదికీ ఆ పూట అన్నం సయించదు.

ఆ తొందరే పిల్లలను పాడు చేస్తున్నదని ఉస్తాద్ వాదన. పరీక్షలో వేగంగా పరిగెత్తాలి కాబట్టి రోజూ వేగంగానే పరిగెత్తాలన్నది కుర్రవాళ్ళ లెక్క. దూరపు పరుగు రోజున కూడా ఒకడిని చూసి ఒకడు దౌడు తీస్తారు. మొదటి మూడు కిలోమీటర్లు గుర్రాలు, చివరి మూడు కిలోమీటర్లు కుంటి ఎడ్లు. ఇంటికెళ్ళి మంచమెక్కితే మంగళవారం దాకా కాళ్ళు లేవవు. అసలైన వేగపు పరుగు చేయవలసిన సోమ, మంగళవారాలు అలా పోతాయి. వారంలో కష్టానికి కొదవ ఉండదు, లాభం మాత్రం కనబడదు.

తోకన నడిచే కుర్రవాడు

ఈ గుంపులో అందరికన్నా చివరన పరిగెత్తే కుర్రవాడిని చూస్తే కొత్తవాళ్ళు నెమ్మదివాడనుకుంటారు. నిజానికి రెండేళ్ళ కిందట ఈ గట్టు మీద అతన్ని మించినవాడు లేడు. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో కూలి. కొడుకు 1600 మీటర్లు 5 నిమిషాల 28 సెకన్లలో పూర్తి చేసిన రోజున ఆమె తోటి కూలీలకు మిఠాయి పంచిందట. ర్యాలీ రోజున అదే వేగం నిలబెడితే చాలు. కుర్రవాడికి అది చాలలేదు. ఆదివారాల్లో 12 కిలోమీటర్లు 52 నిమిషాల్లో ముగించి, మిగతావాళ్ళు వచ్చేదాకా తూము మీద కాళ్ళు ఊపుతూ కూర్చునేవాడు. తగ్గమని ఎంత చెప్పినా వినలేదు.

ర్యాలీకి మూడు వారాలుందనగా కుడికాలి ముందు ఎముక పక్కన నొప్పి మొదలైంది. బామ్ రాశాడు. గుడ్డ బిగించి కట్టాడు. కాసేపు పరిగెడితే నొప్పి సర్దుకుంటోందని మురిశాడు. ఎవరికీ చెప్పలేదు, ఉస్తాద్‌కు అసలే చెప్పలేదు. చివరకు మెట్టు దిగుతుంటేనే కాలు నిలవలేదు. ఫొటో తీస్తే ఎముక మీద వెంట్రుకంత చీలిక. దెబ్బ తగిలి వచ్చింది కాదు, రోజూ విశ్రాంతి లేకుండా అదే చోట అదురు పడడం వల్ల వచ్చినది. ఆరు వారాలు పరుగు మానాలని డాక్టరు చెప్పారు. ర్యాలీ నాటికి స్నేహితులు బండెక్కి వెళ్ళారు, అతను అరుగు మీద కూర్చున్నాడు. మళ్ళీ ర్యాలీ వచ్చేసరికి సైన్యానికి వయసు దాటిపోయింది.

గుండె, ఊపిరితిత్తులు పరుగుకు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకకు, నరానికి నెలలు పడుతుంది. కుర్రవాడి ఊపిరి సిద్ధమైపోతుంది, కాలు సిద్ధం కాదు. ఆయాసం రావడం లేదు కదా అని వేగం పెంచేవాడు ఇక్కడే దెబ్బతింటాడు. పెద్దలు చెబితే వినని ఈ మాట తోకన ఉన్న కుర్రవాడి కాలు చూపిస్తే వింటున్నారు.

అతను ఇప్పుడు కేంద్ర బలగాల పరీక్షకు తయారవుతున్నాడు. అక్కడి వయసు పరిమితి 23 ఏళ్ళు, వెనకబడిన తరగతులకు మరో మూడేళ్ళ సడలింపు. ఆ మూడేళ్ళే అతనికి మిగిలిన ఆస్తి. తోకన ఉండే పని తానే అడిగి తీసుకున్నాడు. అతని వెనక ఎవరూ మిగలకూడదు, అదే నియమం. ఎవరైనా ఆగితే అతనూ ఆగుతాడు.

సున్నం గుర్తులు, అంకెల కేకలు

గట్టు మీద కిలోమీటరు రాళ్ళు లేవు. అందుకని ముప్ఫై మీటర్ల టేపుతో కొలిచి, ప్రతి 200 మీటర్లకూ ఒక సున్నం గుర్తు వేసుకున్నారు. ఆరు కిలోమీటర్లకు ముప్ఫై గుర్తులు. వేగం లెక్కంతా వీటి మీదే నడుస్తుంది. 8 నిమిషాల్లో 1600 మీటర్లు అంటే గుర్తుకూ గుర్తుకూ మధ్య సరిగ్గా ఒక నిమిషం. 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు అంటే 58 సెకన్ల లోపు. అయిదున్నర నిమిషాల 1600 అంటే 41 సెకన్లు. ఇవన్నీ పరీక్ష రోజు అంకెలు.

ఆదివారం అంకె వేరు. ఎక్కువ మంది ఉన్న నడిమి గుంపు గుర్తుకు 1 నిమిషం 20 సెకన్లు తీసుకోవాలి. అలా అయితే కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్లు, మొత్తం 12 కిలోమీటర్లకు 80 నిమిషాలు. వెళ్ళేటప్పుడు 40, వచ్చేటప్పుడు 40. వెళ్ళేటప్పుడు 34 నిమిషాల్లో ఉరికిన వాళ్ళు తిరుగు దారిలో 48, 50 నిమిషాలు ఈడ్చిన రోజులు చాలా ఉన్నాయి. ఆరంభంలో ఆదా చేశామనుకున్న ఆరు నిమిషాలకు వడ్డీ కట్టినట్టు.

ముందు పరిగెత్తేవాడికి గడియారం ఉంటుంది. కానీ గడియారం ఒక్కటే చాలదు. ప్రతి గుర్తు దగ్గర ముందువాడు దాని అంకె కేక వేస్తాడు. తరువాతి అంకెను వెనక కొసన ఉన్నవాళ్ళు తిరిగి కేక వేయాలి. "పన్నెండు" అని ముందు నుంచి వస్తే "పదమూడు" అని వెనక నుంచి రావాలి. మాట ముక్కలు కాకుండా, పూర్తిగా రావాలి. "పద... మూ..." అని వచ్చిందంటే వెనకవాడికి ఊపిరి అందడం లేదన్నమాట. గడియారం ఏం చెప్పినా సరే, ముందువాడు వేగం తగ్గించాలి. ఉక్కగా ఉన్న రోజుల్లో 80 నిమిషాల పరుగు 88 నిమిషాలైన సందర్భాలున్నాయి. దానికి ఎవరూ సిగ్గుపడరు. మాట్లాడగలిగే వేగమే దూరపు పరుగు వేగమన్నది ఇక్కడి ఏకైక చట్టం.

ముందు ఉండవలసినవాడు గుంపులో వేగం గలవాడు కాకూడదని ఉస్తాద్ పట్టుదల. వేగం గలవాడికి తన కాళ్ళే కనబడతాయి, వెనకవాళ్ళు కనబడరు. అందుకని ఓపిక గలవాడిని ముందు పెడతారు. నెలకొకసారి మారుస్తారు.

కుర్రవాళ్ళ తిరుగుబాటు

ఈ పద్ధతికి అందరూ తలవంచారనుకుంటే పొరపాటు. సైన్యానికి వెళ్ళదలచిన ఏడెనిమిది మంది వేగగాళ్ళు ఒక దశలో విడిపోయారు. 5 నిమిషాల 40 సెకన్లలో 1600 పరిగెత్తేవాడు, 8 నిమిషాలు తీసుకునేవాడితో కలిసి నడిస్తే ఏం లాభమన్నది వాళ్ళ ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. ఒకరికి మెల్లని పరుగు మరొకరికి నడక కావచ్చు. రెండు ఆదివారాలు వాళ్ళు రోడ్డు మీద విడిగా పరిగెత్తారు. రెండో ఆదివారం ఒకరి పిక్క పట్టేసింది. ఇంకొకరు ఎదురుగా వచ్చిన లారీ నుంచి తప్పుకోబోయి పక్క గుంతలో పడ్డారు.

మూడో వారం ఉస్తాద్ వాళ్ళను పిలిచి తిట్టలేదు. కాగితం మీద లెక్క వేసి చూపించారు. వేగగాళ్ళకు గుర్తుకు 1 నిమిషం 5 సెకన్లు. అంటే 12 కిలోమీటర్లకు 65 నిమిషాలు. నడిమి గుంపుకు 80. ఆడపిల్లలకు గుర్తుకు ఒకటిన్నర నిమిషం, వాళ్ళది 10 కిలోమీటర్లే, 75 నిమిషాలు. నడిమి గుంపు 4 గంటల 40 నిమిషాలకు, ఆడపిల్లలు 4.45కి, వేగగాళ్ళు 4.55కి బయలుదేరాలి. ఎవరి వేగం వారు తప్పకపోతే మూడు గుంపులూ సరిగ్గా ఆరు గంటలకు తూము దగ్గర కలుస్తాయి. ముందే వచ్చినవాడు గెలిచినట్టు కాదు, తప్పినట్టు. ఆలస్యంగా వచ్చినవాడూ తప్పినట్టే.

పందెం కోరే కుర్రవాళ్ళకు మరో రకం పందెం దొరికింది. ఆరు గంటల వేళ తూము దగ్గర మూడు దిక్కుల కేకలు ఒకేసారి వినిపించిన రోజు ఊరి పెద్దలు కూడా లేచి వచ్చి చూశారు. ఇప్పటికీ వేగగాళ్ళలో ఒకరిద్దరు చివరి గుర్తులో ఉరుకుతూనే ఉంటారు. వయసు అలాంటిది.

ఆడపిల్లల గుంపు విషయంలో మొదట పరుగు కన్నా చీకటే పెద్ద సమస్య అయింది. నాలుగున్నరకు పిల్లను కాలువ గట్టుకు ఎలా పంపుతామన్నారు ఇళ్ళలో. ఇద్దరు తల్లులు కొన్నాళ్ళు సైకిళ్ళ మీద వెంట వెళ్ళారు. తరువాత ఎవరి ఊరి పిల్లలను ఆ ఊరి వాళ్ళే తూము దాకా దింపి వెళ్ళడం మొదలైంది. విశేషమేమంటే వేగం తప్పకుండా పరిగెత్తడంలో ఈ గుంపే అందరికన్నా మేలు. పది కిలోమీటర్లలో నిమిషం తేడా కూడా రాని వారాలున్నాయి.

రాబర్టు బూట్ల కథ కాదు, బూట్ల కార్మికుడి కథ

మెల్లగా పరిగెత్తి వేగం సంపాదించడం ఉస్తాద్ కనిపెట్టినది కాదు. న్యూజిలాండ్ దేశంలో ఆర్థర్ లిడియార్డ్ అనే ఆయన బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ తన మీద తానే ప్రయోగాలు చేసి ఈ పద్ధతికి రూపమిచ్చారు. తన శిష్యులను ఆక్లాండ్ నగరం పక్క కొండల్లో 22 మైళ్ళ పరుగుకు, అంటే సుమారు 35 కిలోమీటర్లకు తీసుకుపోయేవారు. ఆ శిష్యుల్లో పీటర్ స్నెల్ పోటీ చేసేది 800 మీటర్లలో. రెండు నిమిషాలు కూడా పట్టని పందానికి అంత దూరం ఎందుకని నవ్వినవారున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అదే రోజు అదే గురువు శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్ల స్వర్ణం గెలిచాడు. 1964 టోక్యోలో స్నెల్ 800, 1500 రెండూ గెలిచాడు. పరుగులో శిష్యులు మాట్లాడుకోగలగాలన్నది లిడియార్డ్ చెప్పిన సూత్రం. కాలువ గట్టు మీది అంకెల కేకలు దానికి దగ్గర చుట్టాలే.

మెల్లని పరుగు లోపల చేసే పని కంటికి కనబడదు. గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తం తోడడం నేర్చుకుంటుంది. కండల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. ఒంట్లోని కొవ్వును ఇంధనంగా వాడుకోవడం అలవాటవుతుంది. కొత్త మోటారు కొనకుండా పాత మోటారుకే పైపులు వేసుకున్నట్టు. అయితే ఒక్క దూరపు పరుగుతోనే 5.30 రాదు. వారం మధ్యలో ఒకటి రెండు రోజులు వేగపు పరుగులు తప్పనిసరి. వాటికి కాలు తాజాగా ఉండాలంటే ఆదివారం చేతులు కట్టుకోవాలి.

ఎండ దెబ్బ, పొడుల బెడద

2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకు మగవాళ్ళు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తవలసి వచ్చింది. ఆ పరీక్షల్లో పదిమందికి పైగా యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఎండ, ఉక్క గురించి, ఉత్తేజం కోసం వాడే మందుల గురించి అప్పట్లో చాలా చర్చ జరిగింది. ఆ వార్త చదివిన తల్లులు ఇక్కడ కూడా పిల్లలను కొన్నాళ్ళు ఆపేశారు. గంటలో 10 కిలోమీటర్లంటే గుర్తుకు 72 సెకన్లు. వేళ్ళ మీద లెక్కపెడితే ఘోరమైన వేగమేమీ కాదు. నెలల తరబడి తయారు కాని ఒంటితో, మండే ఎండలో, ఉద్యోగం పోతుందన్న భయంతో ఆగకుండా పరిగెత్తడమే ప్రమాదం.

అప్పటి నుంచి ఈ గట్టు మీద కొన్ని మాటలు గట్టిగా అమలవుతున్నాయి. సూర్యుడు పైకి రాకముందే పరుగు ముగియాలి. జ్వరం, విరోచనాలు ఉన్నవాడు రాకూడదు. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్ళు మండినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆ క్షణమే ఆగి తోకన ఉన్నవాడికి చెప్పాలి, నీడన పడుకోబెట్టి తల, మెడ తడపాలి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊపిరి పెంచుతాయని డబ్బాల్లో అమ్మే పొడులు, బిళ్ళలు ముట్టినవాడికి గుంపులో చోటు లేదు. పరుగయ్యాక ఇంటికెళ్ళి చోడంబలో, ఉల్లిపాయ నంజుకుని చల్దన్నమో తింటే చాలునంటున్నారు.

పరీక్ష ఎప్పుడో ఎవరికీ తెలియకపోవడం మరో చిక్కు. రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రాథమిక రాత పరీక్ష జరిగింది. పరుగు పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు చివరలో. దాదాపు రెండేళ్ళు. ప్రకటన చూసి నెల రోజులు ఉరికినవాళ్ళలో చాలామంది ఆ మధ్యలో మానేసి కూలికో, చెన్నైకో పోయారు. ఆదివారం పరుగు మానని వాళ్ళకు మాత్రం పిలుపు వచ్చేనాటికి మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టవలసిన అవసరం రాలేదు. కాళ్ళు విరగ్గొట్టుకునే వేగంతో అయితే రెండేళ్ళు ఎవరూ నిలవలేరు.

గుంపు వారికి కోరికలు పెద్దవేమీ లేవు. తూము దగ్గర ఒక దీపం కావాలని, గట్టు మీద గుంతలు పూడ్చాలని అడుగుతున్నారు. కంకర టిప్పర్లు తెల్లవారుజామున గట్టు ఎక్కకుండా చూడాలంటున్నారు. వానలకు సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి శనివారం సాయంత్రం ఇద్దరు కుర్రవాళ్ళు బకెట్టు పట్టుకుని వెళ్ళి గుర్తులు మళ్ళీ వేసి వస్తారు. పదిహేడో గుర్తు మీద ఎవరో టిప్పరు కంకర పోసి పోయారు. మూడు వారాలుగా ఆ కుప్ప అక్కడే ఉంది. కుర్రవాళ్ళు దాని పక్కనుంచి తప్పుకుని పోతున్నారు. గుర్తు కనబడకపోయినా ముందువాడు పదహారు అనగానే వెనక చీకట్లోంచి పదిహేడు అనే కేక వస్తూనే ఉంది.